పేరు మీద ఊదారంగు గీత

తేదీ ముద్ర సరిగ్గా పడడం లేదని ఈ ఉదయం స్టాంప్ ప్యాడ్‌లో ఇంకు పోశాను. ఆ సీసా మూత తియ్యగానే ఒక వాసన వస్తుంది. ముక్కులో కొంచెం చురుక్కుమంటుంది, ఆ వెంటనే తీపిగా మారుతుంది. బొటనవేలికి ఊదారంగు అంటింది. చొక్కాకు తుడుచుకోబోయి ఆగాను. బల్లకు అవతల ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. మా కాలేజీ లైబ్రరీకి కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మడానికి కాకినాడ నుంచి వచ్చారు. ముందు మా కంప్యూటర్లో నమూనాగా ఎక్కించి చూపించారు. అప్పటికి బేరం మూడు మెట్లు దిగింది. ఇంకో మెట్టు దిగుతుందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. వేలి మీద రంగు చూసుకుంటూ, అనుకోకుండా ఒక మాట అడిగాను. "పుస్తకం తిరిగొచ్చేక, తీసుకెళ్ళినవాళ్ళ పేరు అందులోంచి పోతుందాండీ?"

"పోతుందండీ" అన్నారాయన, నా మాట పూర్తికాకుండానే.

ఆ తొందర నేను ఎరిగినదే. అది నాదే. ఇదే బల్ల దగ్గర ఇదే ప్రశ్నకు ఇదే జవాబు, ఇంతే వేగంగా ఒకప్పుడు నేను చెప్పాను. అప్పుడు అడిగినావిడ కామేశ్వరి మేడమ్ గారు. పోయిన వానాకాలంలో ఆవిడ కాలం చేశారు. "క్యాంటీన్లో అల్లం టీ బాగుంటుందండి, తాగి రండి" అని ఆయన్ని పంపేసి, సీసా మూత పెట్టకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.

మాది అమలాపురానికి కొంచెం ఇవతల ఉన్న చిన్న ఆర్ట్స్ కాలేజీ. లైబ్రరీ అంటే రెండు గదులు, ఒక వరండా. దాన్ని ఆనుకుని కంప్యూటర్ ల్యాబ్, అందులో ఇరవై కంప్యూటర్లు. ఏ రోజు ఎన్ని పనిచేస్తాయో ఆ రోజు ఉదయం తెలుస్తుంది. కామేశ్వరి గారు ఆ రెండు గదుల్నీ దాదాపు ముప్పై ఏళ్ళు నడిపారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొడుగు లేకుండా ఎప్పుడూ కనిపించలేదు. మా కోనసీమ గాలికి కాగితం కూడా చెమట పడుతుంది కనుక, కాస్త ఎండ కాసిన రోజున పుస్తకాలన్నీ వరండాలో పరిపించి, తాను మధ్యలో కుర్చీ వేసుకుని, వడియాలు కాపలా కాసినట్టు కూర్చునేవారు.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. ప్రతి పుస్తకానికీ ఒక అట్టముక్క కార్డు. పుస్తకం తీసుకున్నవారు దాని మీద పేరు రాసి ఇచ్చి వెళ్ళాలి. పుస్తకం తిరిగి రాగానే ఆవిడ కొబ్బరి ఈనెకు చుట్టిన దూదిని స్టాంప్ ఇంకులో ముంచి, ఆ పేరు మీద అడ్డంగా గీత గీసేవారు. ఒకసారి కాదు, రెండుసార్లు. తరవాత కార్డును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, పేరు కనబడదని నిశ్చయించుకున్నాకే లోపల పెట్టేవారు. అన్ని లైబ్రరీల్లోనూ తేదీలు, పేర్లు వరసగా కనిపిస్తాయి. మా కార్డుల మీద మాత్రం ఊదారంగు పట్టీలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

నేను కాంట్రాక్టు మీద ల్యాబూ లైబ్రరీ చూసుకునే ఉద్యోగిగా చేరిన కొత్తల్లో, ఎకనామిక్స్ చెప్పే మాస్టారు ఒకరు తనకు కావలసిన పుస్తకం కోసం వచ్చారు. అది ఎవరో తీసుకెళ్ళారు.

"ఎవరి దగ్గరుందండి? నేనే అడిగి తీసుకుంటాను" అన్నారు మాస్టారు.

"బుధవారానికి వచ్చేస్తుందండి" అన్నారు మేడమ్ గారు.

"ఎవరి దగ్గరుందీ అని కదండీ అడిగేను."

"ఆయ్, విన్నానండి. బుధవారానికి వచ్చేస్తుంది."

మాస్టారు నా వైపు తిరిగి, ఈవిడ దగ్గర ఎలా నెగ్గుకొస్తావయ్యా అన్నట్టు చూసి వెళ్ళిపోయారు. పేరు చెబితే ఏం పోయిందండీ అని నేనడిగాను. ఆవిడ ఈనె కొసన దూది చుట్టుకుంటూ, "నువ్వు మందుల కొట్టుకెళ్ళి ఏం కొన్నావో నాకు తెలియాలా?" అన్నారు. అక్కర్లేదన్నాను. "ఇదీ అంతే. మనుషులు వాళ్ళ అవసరాలు తీసుకుని ఇక్కడికొస్తారు బాబూ. అవి పుస్తకాల్లా కనబడతాయి, అంతే."

నాకు ఆ మాట అప్పట్లో ఎక్కలేదు. నేను పెరిగిన చోట న్యాయం వేరు. మా నాన్నగారిది అంబాజీపేట సెంటర్లో బట్టల కొట్టు. ఎదురుగా కొబ్బరికాయల లారీలు, లోపల మేము. ఎక్కాలు రాకముందే నాకు బేరం వచ్చింది. మా వ్యాపారమంతా రెండు వాక్యాల మీద నడిచేది. మొదటిది, "రంగు పోదండీ". ఆ బట్టను మేమెన్నడూ నీళ్ళలో ముంచి చూసిన పాపాన పోలేదు. రెండోది, "మీ ఎదురింటివారు ఇదే తీసుకెళ్ళేరండీ". ఈ మాట వింటే ఎంత గట్టి ఆవిడైనా చీర కిందపెట్టేది కాదు. చాలాసార్లు ఆ ఎదురింటివారు ఎవరో కూడా మాకు తెలిసేది కాదు. ఈ రెండు వాక్యాలనూ మూట కట్టుకుని నేను లైబ్రరీలోకి వచ్చాను. జరిగినదంతా వాటి వల్లే జరిగింది.

లైబ్రరీని కంప్యూటర్లోకి ఎక్కించాలని కమిటీ నిర్ణయించినప్పుడు మేడమ్ గారు అడ్డు చెప్పలేదు. నేను ఒక కంపెనీని బతిమాలి, బెదిరించి, సగానికి ఒప్పించానని కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్నాను. సంతకం పెట్టేముందు ఆవిడ ఒక్కటే అడిగారు. "పుస్తకం తిరిగొచ్చేక పేరు పోతుందా?"

"పోతుందండీ" అన్నాను.

ముంచి చూడలేదు. నోటికి వచ్చిన మాట, వచ్చినట్టు అనేశాను. ఆవిడ సంతకం పెట్టారు. రెండు నెలలు తిరిగాక నాకు తెలిసింది, పేరు పోదు. ఎవరు, ఎప్పుడు, ఏ పుస్తకం, ఎన్నిసార్లు అన్నీ అందులో అట్టడుగున ఉండిపోతున్నాయి. చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆవిడేమో కంప్యూటర్ వచ్చాక కూడా పాత కార్డులు మానకుండా, ఊదా గీతలు గీస్తూనే ఉన్నారు. గీసినప్పుడల్లా నేను తెర వైపు తల తిప్పుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు అదీ అలవాటైపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఉన్న సరుకును ఊరికే ఉంచడం కొట్టువాళ్ళకు చేతకాదు.

ఆ ఏడు కాలేజీలో చేరేవాళ్ళు తగ్గిపోయారని ప్రిన్సిపాల్ గారు దిగులుగా ఉన్నారు. మన పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో తల్లిదండ్రులకు తెలిసేలా ఏదైనా చెయ్యండి అన్నారు. నాకు మా నాన్నగారి రెండో వాక్యం గుర్తొచ్చింది. ఎదురింటి పిల్ల చదువుతోందని తెలిస్తే ఈ ఇంటి పిల్లను పంపరా? శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని 'ఈ నెల మన మేటి పాఠకులు' అని ఒక పట్టీ తయారుచేశాను. పదిమంది పిల్లల ఫోటోలు, పేర్లు, పుస్తకాల పేర్లు, ఎన్నిసార్లు తీసుకున్నారో ఆ సంఖ్య. అందరికన్నా పైన ఫైనల్ ఇయర్ చదివే ప్రసన్న వచ్చింది. ఒకే పుస్తకం మూడుసార్లు తీసుకుంది, కనుక కంప్యూటర్ ఆమెను మొదట నిలబెట్టింది. ఆమె ఫోటో మీద నేను ఒక బంగారు కిరీటం బొమ్మ పెట్టాను. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. సాయంత్రానికి దండాలే దండాలు. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, "మీ ఉద్యోగం ఖాయం చేసే సంగతి కమిటీలో మాట్లాడతానండి" అన్నారు. మేడమ్ గారిది బటన్ల ఫోను, ఆవిడకు గ్రూపు లేదు. నేను చెప్పలేదు.

కిరీటం పెట్టిన పుస్తకం పేరు ఒక్కసారైనా చదివి ఉంటే బాగుండేది. అది ఆస్తిలో ఆడవాళ్ళ హక్కుల మీద రాసిన చట్టం పుస్తకం.

సోమవారం పదకొండింటికి ప్రిన్సిపాల్ గారు నన్ను గదికి పిలిపించారు. ఎదురుగా ఒకాయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, భుజం మీద మడతపెట్టిన తువ్వాలు, చేతిలో ఫోను. పి.గన్నవరం వైపు కొబ్బరి తోటలున్న ఆసామి, వీర్రాజు గారు. ప్రసన్నకు మేనమామ. ఆ అమ్మాయి తండ్రి గల్ఫ్‌లో ఉండడంతో, కాలేజీ కాగితాల్లో ఈయన నంబరే ఇచ్చారు. గొంతు పెంచకుండా మాట్లాడారు. ఆ మెత్తదనానికే కూర్చోబోయినవాణ్ణి నిలబడిపోయాను.

"మా పిల్లకి కిరీటం పెట్టేరండి. చాలా సంతోషం. చేరినప్పట్నుంచీ ఇంకా ఏమేం చదివిందో కూడా చెబితే మరింత సంతోషిస్తామండి."

"అదెంత పనండీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "సూరిబాబు గారూ, ఆ అమ్మాయి తీసుకున్న పుస్తకాల పట్టీ ఒక ప్రింటు తియ్యండి."

వీర్రాజు గారి బొటనవేలు ఫోను మీద, ఆ పుస్తకం పేరు దగ్గర ఆగి ఉంది. "మా నాన్నగారు పోయి చాన్నాళ్ళయిందండి. తోటంతా నేనే చూస్తున్నాను. చెల్లెలికి ఏ లోటూ రానివ్వలేదు. ఈ పిల్లని నా భుజం మీద ఎక్కించుకు తిప్పేను. ఇప్పుడీ పిల్ల చట్టం చదువుతోందండి. దీని వెనక ఎవరున్నారో నేను తెలుసుకోవాలా, వద్దా?"

అప్పటికి నాకు బోధపడింది, నేను ఏ ఇంటి తలుపు తీసి వీధిలో పెట్టానో. బోధపడగానే నాకు వచ్చిన పని చేశాను. అబద్ధమాడాను. "సాఫ్ట్‌వేర్ పొరపాటండి. నంబర్లు అటూ ఇటూ అయిపోయేయి. ఆ అమ్మాయి తీసుకున్నది కుట్లు, అల్లికల పుస్తకమండి."

వీర్రాజు గారు నన్ను చాలాసేపు చూశారు. ఆయన నమ్మాలనే అనుకున్నారు, ఇప్పటికీ నాకు అలాగే అనిపిస్తుంది. కాని వ్యాపారం చేసిన మనిషి. "అలాగాండి. అయితే పిల్లనే అడుగుదాం" అని తలుపు వైపు చూసి పిలిచారు. ప్రసన్న అప్పటికే వరండాలో నిలబడి ఉంది. ఆమె వెనకే, గొడుగు చేత్తో పట్టుకుని మేడమ్ గారు. సంగతంతా ఆ పిల్లే చెప్పినట్టుంది.

"ఏ పుస్తకం తీసుకున్నావమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ పిల్ల మేనమామ వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఏం చెప్పమంటారు అన్నట్టు ఉంది ఆ చూపు. అప్పుడు మేడమ్ గారు ముందుకు వచ్చి ఆ అమ్మాయి పక్కన నిలబడ్డారు.

"ఆ ప్రశ్నకి నువ్వు జవాబు చెప్పక్కర్లేదమ్మా" అన్నారు. "నీ పేరూ పుస్తకం పేరూ మేం నలుగురిలో పెట్టకూడదు. పెట్టేం. అది ఏ పుస్తకమైనా తప్పే. నన్ను క్షమించు తల్లీ."

ఆవిడ క్షమాపణ అడిగింది మేనమామను కాదు, ప్రిన్సిపాల్ గారిని కాదు. ఇరవై ఏళ్ళ ఆడపిల్లను. ప్రిన్సిపాల్ గారి ముఖం ఎర్రబడింది. "మేడమ్ గారూ, ఆయన ఇంటి పెద్ద. అడిగే హక్కుంది. సూరిబాబు గారూ, మీరు ప్రింటు తియ్యండి."

తాళం నా దగ్గరే ఉంది. పాస్‌వర్డ్ ఆవిడకు తెలియదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ధైర్యం చేశానని చెప్పుకోవాలని ఉంది కాని, నా నోటి నుంచి వచ్చింది మా కొట్టు మాటే. "ప్రింటర్లో ఇంకు లేదండి."

"తెర మీదే చూపించండి. నేను ఫోటో తీసుకుంటాను" అన్నారు వీర్రాజు గారు.

సరుకు లేదని తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది. మేడమ్ గారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. చూడలేదు కనుకనే అన్నాను. "మేడమ్ గారు చెబితేనే తెరుస్తానండి."

వీర్రాజు గారు నెమ్మదిగా లేచి తువ్వాలు సర్దుకున్నారు. "మంచిదండి. చూపించని చోట మా పిల్లని ఉంచలేం. రేపట్నుంచి రాదండి. పరీక్షలూ రాయదు." ప్రసన్న ఆయన వెనకే నడిచి వెళ్ళింది. ఫైనల్ పరీక్షలకు రెండు వారాలే ఉన్నాయి.

లైబ్రరీకి తిరిగొచ్చాక నాకు కోపం ఆగలేదు. ఎవరి మీద కోపమో తెలియక ఆవిడ మీద చూపించాను. "నా అబద్ధం నిలబడేదండి. మీరు అడ్డు రాకుండా ఉంటే ఆ పిల్ల ఈపాటికి క్లాసులో ఉండేది."

"నిలబడాలంటే ఆ పిల్ల కూడా నీతో కలిసి అబద్ధమాడాలి. మామయ్య మొహం మీద" అన్నారావిడ. "నీ బేరానికి ఆ పిల్లెందుకు సాక్ష్యం చెప్పాలి?"

ఆవిడ కూర్చుని, అరలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టారు. రెండు ఊదా పట్టీలు, వాటి కింద గీత పడని ప్రసన్న పేరు. పుస్తకం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. తరవాత పది రోజుల పాటు ప్రతి ఉదయం నన్ను అడిగిన మాట ఒకటే, ప్రసన్న వచ్చిందా అని. రాలేదండి అనేవాణ్ణి. ఆవిడ తల ఊపి పనిలో పడేవారు. పట్టీ గ్రూపులోంచి తీసేద్దామంటే వాట్సాప్ చెరపనిచ్చే గడువు దాటిపోయింది. తీసేసినా, చూసినవాళ్ళ కళ్ళలోంచి ఎలా తీస్తాను?

గురువారం హాల్ టికెట్లు వచ్చాయి. పరీక్షలు సోమవారం. ఆవిడ ఆఫీసులో ప్రసన్నది అడిగి తెచ్చుకుని, గొడుగు తీసుకుని, "పద" అన్నారు. "పుస్తకం గడువు దాటింది. తెచ్చుకుందాం."

"హాల్ టికెట్ ఇవ్వడానికి అని చెబుదామండి. లేకపోతే ప్రిన్సిపాల్ గారు పంపేరని చెబుదాం."

"ఆ ఇంటికి వెళ్ళడానికి నాకున్న హక్కు ఒక్కటే బాబూ. పుస్తకం నాది. నువ్వు రా. కాని నోరు విప్పకు."

నా జీవితంలో ఎవరూ నాకు అంత కష్టమైన పని చెప్పలేదు. బస్సు పి.గన్నవరం దాటి ఏటి అవతల మమ్మల్ని దింపేలోపు నాలుగు రకాల బేరాలు సిద్ధం చేసుకున్నాను. సగం పరీక్షలకు ఒప్పిద్దామని ఒకటి, మామయ్య గారే వెంటబెట్టుకుని వచ్చి హాలు బయట కూర్చోవచ్చని ఒకటి. నోరు విప్పకూడదన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా అవి లోపల కుక్కుకునేవాణ్ణి.

కాలవ గట్టు మీద నడిచి వెళ్ళాం. ఒకే ప్రహరీలో రెండిళ్ళు, అన్నది పెంకుటిల్లు, చెల్లెలిది చిన్న డాబా. వాకిట్లో ముగ్గురు మనుషులు నేలలో పాతిన ఇనుప మొనల మీద కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఒలిచిన పీచు డొక్కలు గుట్టగా పడి ఉన్నాయి. వీర్రాజు గారు మమ్మల్ని చూసి ఒక్క క్షణం బిగుసుకుని, మరుక్షణం కుర్చీలు తెప్పించారు. తానే కత్తి అందుకుని రెండు బొండాలు కొట్టారు.

"ఎండలో వచ్చేరు. ముందు తాగండి."

మేడమ్ గారు తాగారు, ఏ తొందరా లేకుండా. తరవాత చెప్పారు. "పుస్తకం కోసం వచ్చేనండి. గడువు దాటింది."

"ఒక్క పుస్తకం కోసం బస్సెక్కి వచ్చేరాండి?"

"ఒక్కటి లేకపోయినా అరలో ఖాళీ కనబడుతూ ఉంటుందండి నాకు."

డాబా గుమ్మంలో ప్రసన్న వాళ్ళమ్మ నాగమణి గారు కనిపించారు. ఆవిడ లోపలికి వెళ్ళి, పాత వార్తాపత్రిక అట్ట వేసిన పుస్తకం తెచ్చి మేడమ్ గారి చేతికిచ్చారు. ఆవిడ వెనక ప్రసన్న. మేడమ్ గారు పుస్తకం తెరిచారు. పక్కన కూర్చున్నాను కనుక నాకూ కనిపించింది. మధ్య పేజీల్లో ఒక కొబ్బరి ఈనె గుర్తుగా పెట్టి ఉంది. అంచుల మీద పసుపు అంటిన వేలి ముద్రలు. మేడమ్ గారు వెంటనే మూసేశారు. సంచిలోంచి చిన్న సీసా, దూది చుట్టిన ఈనె, కార్డు తీసి, కుర్చీ చేతి మీద పెట్టుకుని, ప్రసన్న పేరు మీద గీత గీశారు. ఇంకోసారి గీశారు. ఎండకెత్తి చూసి, అందరికీ కనబడేలా తిప్పారు.

"ఈ పుస్తకం ఎవరు తీసుకెళ్ళేరో ఇక మా కార్డు మీద లేదండి. ఈ అబ్బాయి కంప్యూటర్లో ఉంది. అదీ తీసేస్తాడు." అని హాల్ టికెట్ తీసి పక్కన పెట్టారు. "ఇది ప్రసన్నది. పరీక్ష సోమవారం."

"రాయదని చెప్పేను కదండీ" అన్నారు వీర్రాజు గారు.

మేడమ్ గారు బతిమాలతారనుకున్నాను. చదువు గొప్పదనం గురించి నాలుగు మాటలైనా చెబుతారనుకున్నాను. ఆవిడ గొడుగు మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు, అంతే. నా నాలుగు బేరాలూ నాలిక చివరికి వచ్చి కొట్టుకుంటున్నాయి. కాయలు ఒలిచేవాళ్ళు కూడా ఆగిపోయారు. హాల్ టికెట్ గాలికి లేవబోతే ఆవిడ దాని మీద ఇంకు సీసా పెట్టారు.

"అన్నయ్యా" అన్నారు నాగమణి గారు. "ఆ పుస్తకం తెమ్మన్నది నేను."

వీర్రాజు గారు చెల్లెలి వైపు తిరిగారు.

"దాని పేరు మీద తెచ్చింది. చదివింది నేను. మూడుసార్లు తెప్పించుకున్నాను. ఒక్కసారికి నాకు అర్థం కాలేదు. అడిగేదేదైనా ఉంటే నన్నడుగు. పిల్ల పరీక్ష రాస్తుంది."

"నన్నడగొచ్చు కదా నాగమణీ" అన్నారాయన. గొంతులో ఆ మెత్తదనం లేదు. అది కోపమూ కాదు.

"అడిగేను. రెండుసార్లు. నవ్వేవు."

ఆయన చేతిలో కత్తి ఇంకా ఉంది. దాన్ని జాగ్రత్తగా అరుగు మీద పెట్టి, ఎవరినీ చూడకుండా ఇంటి వెనక తోటలోకి వెళ్ళిపోయారు. సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. ప్రసన్న వచ్చి ఇంకు సీసా పక్కకు జరిపి హాల్ టికెట్ తీసుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు మేడమ్ గారు. నేను బడాయిగా కిరీటం పెట్టిన పట్టీ ఒక ఆడపిల్ల బతుకును తలకిందులు చెయ్యబోయింది సరే, చివరికి అది నిజం కూడా కాదు. పేరు ఒకరిది, చదువు ఇంకొకరిది. ఆ ఆలోచనలో ఉండగా ఆవిడ అడిగారు.

"పేరు పోతుందన్నావు."

"అన్నానండి."

"పోదని తెలిసే అన్నావా?"

"తెలియకుండా అన్నానండి. తరవాత తెలిసింది. చెప్పలేదు."

బస్సు, కాలవను ఏటి మీదుగా దాటించే అక్విడెక్టు వంతెన మీదకు ఎక్కింది. కింద గోదావరి పాయ ఎండకు తెల్లగా మెరుస్తోంది. "మీ కొట్లో కొన్న బట్ట రంగు పోయిందని ఎవరైనా తిరిగి తెస్తే ఏం చేస్తారు?" అన్నారు.

వెనక్కి తీసుకుంటామని చెబుదామనుకున్నాను. ఆ రోజుకు అబద్ధాలు చాలనిపించింది. "మీరు వేణ్ణీళ్ళలో ఉతికుంటారండీ, అంటాం."

ఆవిడ నవ్వారు. పది రోజుల్లో మొదటిసారి. నవ్వు ఆగాక, "ఇది మాత్రం వెనక్కి తీసుకో" అన్నారు.

తీసుకోవడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో పేర్లన్నీ ఒకేసారి చెరిపే మీట లేదు. నేను సగానికి బేరమాడి కొన్నప్పుడు వాళ్ళు తీసేసిన వాటిలో అదొకటట. ఒక్కొక్క పుస్తకం తెరిచి, ఒక్కొక్క పేరు తుడవాల్సి వచ్చింది. మధ్యాహ్నాలు మేడమ్ గారు పక్కన కుర్చీ వేసుకుని పుస్తకాల నంబర్లు చదివేవారు, నేను చెరిపేవాణ్ణి. తెర మీద పేరు కనబడగానే ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకునేవారు. చూడండీ పరవాలేదు అంటే, "నాకెందుకు" అనేవారు. నా ఉద్యోగం సంగతి కమిటీలో ఎత్తడం రెండేళ్ళు వెనక్కిపోయింది. ఆ విషయం ఆవిడకు తెలుసు, ఒక్కసారీ ఓదార్చలేదు.

ప్రసన్న పరీక్షలన్నీ రాసింది. ఆ తోట వాటా ఏమైందో నాకు తెలియదు. అడగలేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య ప్రహరీలో కొత్త గోడ లేచిందని మాత్రం ఎవరో అన్నారు. అది మంచికో చెడుకో చెప్పలేను. ఆఖరి పరీక్ష రోజున ఆ అమ్మాయి మా వరండా ముందు నుంచే వెళ్ళింది. లోపలికి తొంగి చూసి మేడమ్ గారికి నమస్కారం పెట్టింది. గుమ్మం మాత్రం దాటలేదు. మేడమ్ గారు ఆమె వెళ్ళిన వైపే చూస్తూ, "పరీక్ష రాసింది. పుస్తకం మాత్రం ఇంక తీసుకోలేదు చూడు" అన్నారు. ఆవిడ నన్ను అన్న కఠినమైన మాట అదొక్కటే. ఇప్పటికీ ఏ విద్యార్థి అయినా గుమ్మం దగ్గర ఆగి లోపలికి రాకుండా వెళ్ళిపోతే, నేను లేచి వరండాలోకి వెళ్ళి చూస్తాను.

కాకినాడ ఆయన టీ తాగి వచ్చారు. కూర్చుంటూనే, "ఆలోచించేనండి. ఇంకొంచెం తగ్గిస్తాను" అన్నారు. నేను ఎదురు చూసిన మెట్టు, అడక్కుండానే దిగారు. మా నాన్నగారు ఉంటే వీపు తట్టేవారు. నేను లేచి, ఆయన్ని అరల మధ్యకు తీసుకెళ్ళి, నచ్చిన పుస్తకం ఒకటి తీసుకోమన్నాను. ఆయన పేరు మీద రాయించాను. వెంటనే తిరిగి తీసుకున్నాను. కంప్యూటర్లో మొత్తం వెతకమన్నాను. ఆయన వెతికారు. పేరు, పుస్తకం, సమయం, అన్నీ తెర మీద చక్కగా నిలబడ్డాయి.

ఆయన తెర వైపు చూసి, "వచ్చే వెర్షన్‌లో పోతుందండీ" అన్నారు.

"ఆయ్, అలాగేనండి. పోయేక రండి. అప్పుడు బేరం" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు, సంచి సర్దుకుని వెళ్ళిపోయారు. నేను కూర్చుని ఆ నమూనా మొత్తం తుడిచేసి, మళ్ళీ వెతికి, పేరు లేదని రెండుసార్లు చూసుకున్నాను. ఆ పుస్తకాన్ని దాని అరలో పెట్టి వచ్చాను. అది ఏ పుస్తకమని మాత్రం నన్నడక్కండి.